వణుకు నేర్చిన చెయ్యి

పిడుల వర్క్‌షాపులో సోమవారం పొద్దున ఎవరు ముందొచ్చినా అడిగే మొదటి మాట ఒకటే: "ఈ వారం దేనికి?" పెనానికా, గొడుగుకా, తలుపుకా, చాకుకా అని. మనిషి చేత్తో పట్టుకునే వస్తువు ఏదైనా సరే, దాని పిడి అక్కడ తయారయ్యేది. షెడ్డులో ఉన్నది ఆరుగురు మనుషులు, నాలుగు మిషన్లు, ఒక రోబో చెయ్యి.

ఆ చెయ్యి రాకముందు ఒక రకం పిడి నుంచి ఇంకో రకానికి మారాలంటే తలప్రాణం తోకకొచ్చేది. పాత బిగింపులు విప్పి, కొత్తవి కోసి, కొలిచి, బిగించేసరికి రెండు రోజులు హరీమనేవి. చెయ్యి వచ్చాక అరగంట పని. చక్రాల బల్లతో సహా దాన్ని కావలసిన మిషన్ దగ్గరికి తోసుకెళ్ళడం, పాత వేళ్ళు పీకి కొత్త వేళ్ళు తగిలించడం, ఎవరో ఒకరు దాని మణికట్టు పట్టుకుని పని ఒక్కసారి చేసి చూపించడం. పిల్లలకు అఆలు దిద్దించినట్టే.

అయితే దానికో అలవాటుంది. నేర్పినవాళ్ళ దగ్గర పనితో పాటు ఇంకేదో ఒకటి కూడా తీసేసుకునేది. ఆ పాఠం తుడిచి కొత్తది మొదలెట్టేదాకా తిరిగిచ్చేది కాదు. కూనిరాగాలు తీస్తూ పాలిష్ పెట్టే పాలిషత్త, పిడి రుద్దడం నేర్పిన వారమంతా చెయ్యే కూనిరాగం తీసింది, అత్త నోట ఒక్క ముక్క రాలేదు. ఓనరమ్మ ప్యాకింగ్ నేర్పితే గంటకోసారి ఒళ్ళు విరుచుకుంది. "నా బద్ధకం దాని దగ్గరుంది, ఈ వారం నాతో ఎంత పనైనా చేయించుకోండి" అని ఓనరమ్మ ఫోన్లో ఖాతాదార్లకు మామూలుగా చెప్పేది. వాళ్ళూ అలాగేనమ్మా అనేవాళ్ళు.

ఆ చెయ్యికి ఏమీ నేర్పనిది ఒక్క ఫిట్టర్ బాబాయే. ఓనరమ్మ నాన్నతో కలిసి మొదటిరోజు షట్టరు ఎత్తినవాడు కాబట్టి అందరికీ బాబాయే. ముప్ఫై ఏళ్ళుగా షెడ్డులో పిడులు బిగించే రివెట్ మేకులు కొట్టింది ఆయనే. నేర్పమంటే మాత్రం "కళ్ళజోడు మర్చిపోయా" అనేవాడు. కళ్ళజోడు ముక్కుమీదే ఉండేది.

అసలు సంగతేమిటంటే, ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయి. వయసుతో వచ్చేదే, ప్రాణానికేం ఢోకా లేదన్నాడు డాక్టరు. ప్రాణం గురించి ఎవడడిగాడు? తెలిస్తే ఓనరమ్మ కసరదు, పొమ్మనదు. మంచి పిల్ల. గోడవారన ఒక కుర్చీ వేసి, "నువ్వు కూర్చో బాబాయ్, చూస్తూ ఉండు చాలు" అంటుంది. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆయనకు గుండెల్లో రాయి పడేది. అందుకే పనంతా అందరికీ వీపు పెట్టి, మూలన నిలబడి చేసుకునేవాడు.

ఒక సోమవారం వచ్చింది పెనం పిడి. చెక్కది, ఆరువందలు కావాలి, ఒక్కోదానికి రెండు రివెట్లు. శుక్రవారం లారీ వస్తుంది. సరిగ్గా అందితే ఏడాది పొడుగునా పనిస్తానన్నాడు పెనాలాయన.

అన్ని రివెట్లు బాబాయి ఒక్కడివల్లా కావు కాబట్టి పాలిషత్త చెయ్యికి నేర్పింది. పది పిడులు బాగానే వచ్చాయి. పదకొండోది ఫట్‌మంది. చెక్క కదా, రంధ్రం వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. చెయ్యి మాత్రం సూటిగా తోస్తుంది. రివెట్ అంచుకు తగిలిందంటే చెక్క పగలడమే. పైగా కూనిరాగం తీస్తూ మరీ పగలగొట్టింది. ఓనరమ్మ ఆ పాఠం తుడిచి తను నేర్పింది. అది ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పగలగొట్టింది. బుధవారం మధ్యాహ్నానికి రెండు గంపలు పగిలిన పిడులు పోగయ్యాయి.

"బాబాయ్, ఒక్కసారి నువ్వు పట్టుకోవూ?" అంది ఓనరమ్మ.

"నడుం పట్టేసిందమ్మా."

"కావలసింది నడుం కాదుగా, చెయ్యి."

"నా చేతులకేమైంది? నా చేతులు నిక్షేపంగా ఉన్నాయి!" అని ఒక్క అరుపు అరిచాడు బాబాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని మాటకు జవాబు చెప్పేశాడు. షెడ్డంతా ఆయన వైపు తిరిగింది.

ఆయన గంపల వైపు చూశాడు. ఏపుగా ఎదిగిన చెట్టు చెక్క, పాలిషత్త రుద్ది రుద్ది అద్దం చేసిన చెక్క, నిలువునా చీలి పడుంది. పోతే పోనీ పరువు అనుకుని, వచ్చి రోబో చెయ్యి మణికట్టు పట్టుకున్నాడు. రివెట్ రంధ్రం అంచున టకటకలాడింది. ఎలాగో దించి, బటన్ నొక్కి, తలొంచుకుని పక్కకు జరిగాడు.

చెయ్యి తనంతట తను ఇంకో రివెట్ ఎత్తింది. ఎత్తి గజగజా వణికింది.

"ఇదేంటి, దీనికి చలేస్తోందా?" అంది పాలిషత్త.

"అది నాది వదినా. ఏడాది నుంచి ఉంది. దాచాను" అన్నాడు బాబాయి.

రివెట్ అంచుకు తగిలింది. వణుకుతూ అటు జరిగింది, ఇటు జరిగింది, దారి దొరకగానే సుతారంగా లోపలికి దిగిపోయింది. రెండోది దిగింది. ఇరవయ్యోది దిగింది. ఒక్క చెక్కా చిట్లలేదు.

"ఓరి దీని దుంపతెగ!" అన్నాడు బాబాయి. "ఏడాదిగా నా పిడి ఒక్కటీ పగలకపోతే, అదృష్టం అనుకున్నానే! కుదురుగా ఉన్న చెయ్యి తోస్తుంది. వణికేది వెతుక్కుంటుంది."

చెప్తూ చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. రెండూ చెక్కిన బొమ్మ చేతుల్లా కదలకుండా ఉన్నాయి. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. "మరి వణుకు దాని దగ్గరుందిగా" అంది పాలిషత్త.

శుక్రవారం లారీ నిండుగా వెళ్ళింది. సోమవారం చాకు పిడి వచ్చింది. ఓనరమ్మ చెయ్యి దగ్గరికి వెళ్ళి పాత పాఠం తుడిచే మీట మీద వేలు పెట్టింది. బాబాయి నాలుగు రోజులుగా ఇంట్లో ఆవిడకు సూదిలో దారం ఎక్కించి పెడుతున్నాడు, అడిగినా అడక్కపోయినా. ఇక ఆ సంబరం తీరిందనుకున్నాడు.

"కానీవమ్మా" అన్నాడు. "నాది నాకొచ్చేస్తుంది, అంతేగా. ఆ కుర్చీ ఎక్కడేస్తావో కూడా చెప్పు."

"ఏ కుర్చీ?" అంది ఓనరమ్మ. "చాకు పిడికి రివెట్లెన్ని బాబాయ్?"

"మూడు."

"తలుపు పిడికి?"

"రెండు."

"మరి నీ పాఠం నేనెందుకు తుడుస్తాను? అది అడుగున అలాగే ఉంటుంది. తక్కినవన్నీ దానిమీద నేర్పుకుందాం." మీట మీంచి వేలు తీసేసింది.

"చేతికర్ర పిడికి రివెట్ ఉండదుగా?" అంది పాలిషత్త. ఆవిడకు ప్రతిదీ తేల్చుకోవాలి.

"ఇకనుంచి ఉంటుంది" అంది ఓనరమ్మ.

బాబాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. షెడ్డు మధ్యలో, అందరి ఎదురుగా ఉన్న బల్ల దగ్గరికి వచ్చి, కొత్త చాకు రేకు ముందు పెట్టుకుని, రివెట్లు పడాల్సిన చోట వంకర లేకుండా మొదటి గీత గీశాడు.