రెక్కల కింద బకెట్లు

పొద్దున్నే షెడ్డు తలుపులు తోసి, విమానం కింద పెట్టిన రేకు పళ్లాలు చూడడంతో విల్ఫ్‌కి తెల్లవారేది. పాత యుద్ధవిమానాలకి నూనె కారడం ముసలివాళ్లకి ముక్కు కారడం లాంటిది. కారితే ఎవరూ కంగారుపడరు. మెకానిక్కు విల్ఫ్ పళ్లెంలో వేలు ముంచి, రుద్ది, వాసన చూసి, ఇది ఇంజనుది, ఇది చక్రాలు మడిచే గొట్టానిది అని తేల్చుకునేవాడు. ఆ తర్వాత బెరిల్ నడిపే రేకుల కాంటీన్‌కి వెళ్లి టీ తాగేవాడు. ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌లో, బీట్‌దుంప చేల మధ్య ఉన్న ఆ చిన్న విమానాల మైదానంలో రోజులు అలా గడిచేవి.

ఉప్పునీళ్లకి మాత్రం పళ్లాలు చాలవు, బకెట్లు కావాలి.

ఆ రెండింజన్ల బాంబరు యుద్ధంలో సముద్రం మీద చాలా తిరిగింది. దాని జాతిలో ఇప్పటికీ ఎగిరేది అదొక్కటే. దాన్ని ఎగిరించి సముద్రం దాటిద్దామని ఎవరైనా అనుకుంటే చాలు, ఆ రోజు నుంచి దాని రెక్కల్లోంచి సముద్రపు నీళ్లు కారేవి. ఫ్రాన్సు అంటే ఒక బకెట్. ఐర్లండ్ అంటే రెండు, కాస్త నాచు కూడా. ఎవరు ఎగరబోతారో వాళ్లే ఆ బకెట్ మోసుకెళ్లి గట్టవతల దురదగొండి పొదల్లో పారబొయ్యాలి. అది అక్కడి రివాజు. మెకానిక్కులు చెయ్యి వెయ్యరు. ఎందుకలా అని ఎవరూ అడగరు. కప్పులో పాలు ముందు పొయ్యాలా టీ ముందు పొయ్యాలా అన్నదానికి మాత్రం పోట్లాడుకుంటారు.

విమానం ఫాన్షా గారిది. ఆయన తాతలు మిగిల్చిన భూముల మీద బతికే పెద్దమనిషి. విమానం నడపడం రాదు గానీ, దాని పక్కన నిలబడడం బాగా వచ్చు. తోలుకోటు తొడుక్కుని, యుద్ధం తనే గెలిచినట్టు గడ్డం ఎత్తి ఫోటోలు దిగేవాడు. పాపం, ఆ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకి గానీ ఆయన పుట్టలేదు.

ఆ వసంతంలో ఆయనకి బుద్ధి పుట్టింది. అమెరికాలో జరిగే పెద్ద విమానాల సంబరానికి దాన్ని ఎగిరించుకునే తీసుకెళ్లాలట. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా. విప్పి పెట్టెల్లో సర్ది ఓడలో పంపితే అక్కడ మళ్లీ బిగించుకోవచ్చు కదా అని విల్ఫ్ అన్నాడు. పెట్టెల్ని చూడ్డానికి కెమెరాలు రావోయ్ అన్నాడు ఫాన్షా. ఇంజన్లలో ఏది విరిగినా ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదని చెప్పారు. దారిపొడుగునా అది తాగే పెట్రోలుతో ఆ ఊరి బళ్లన్నీ ఏడాది తిరగొచ్చని చెప్పారు. నిండా పెట్రోలు పోశాక ఒక ఇంజన్ ఆగితే రెండోది మొయ్యలేదని, కింద నీళ్లు మనిషి దేవుణ్ణి తలుచుకునేలోగా బిగుసుకుపోయేంత చల్లనని చెప్పారు. ఆయన ఓపిగ్గా విని, విమానానికి బీమా కట్టాను కదా అన్నాడు. మరి నడిపేవాడికో అంటే, క్లెమెంట్‌కి అవన్నీ ఎందుకు, వాడు జాగ్రత్తపరుడు అన్నాడు.

క్లెమెంట్ బెరిల్ భర్త. అలాంటి విమానాన్ని నడపగలిగేవాళ్లు ఆ దేశంలో గుప్పెడు మంది ఉంటే, వాళ్లలో ఒకడు. తను కాదంటే ఫాన్షా దాన్ని ఏ అనుభవం లేనివాడి చేతిలోనో పెడతాడని సరేనన్నాడు. బెరిల్ చలికి కాళ్లు కొంకర్లు పోతాయని ఆకుపచ్చ ఉన్నితో మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది.

క్లెమెంట్ ఊఁ అన్న రోజు నుంచి నీళ్లు కారడం పోయి ధార కట్టాయి. షెడ్డులో బకెట్లు చాలక కాంటీన్ గిన్నెలు తెచ్చి పెట్టారు. మంచుముక్కలు పడేవి. ఓ రోజు కాడ్ చేప పడితే బెరిల్ దాన్ని పిండిలో ముంచి వేయించి బంగాళాదుంపలతో పెట్టింది. బాగుందన్నారు. ఫాన్షా వచ్చి, బూట్లు తడవకుండా కొంగలా నడిచి చూసి, ఇంకొన్ని బకెట్లు కొనుక్కోండి అని చెప్పి వెళ్లాడు. అంత పెద్ద మనసు మరి.

ఒక ఉదయం క్లెమెంట్ తడి మేజోడు ఒకటి పట్టుకుని కాంటీన్‌లోకి వచ్చాడు.

"నీదేనా ఇది? బకెట్లో వచ్చింది."

బెరిల్ తన ఒళ్లో ఉన్నది ఎత్తి చూపించింది. ఆమె అల్లుతున్న మేజోడు ఇంకా సూదుల మీదే ఉంది, మడమ దాకా కూడా రాలేదు. బకెట్లో వచ్చింది పూర్తయిన మేజోడు. అదే ఆకుపచ్చ, ఆమె అల్లే బిగువే. మడమ మాత్రం ఎర్ర ఉన్ని. దాని నిండా చిన్న చిన్న గవ్వలు అంటుకుని ఉన్నాయి.

"ఎర్రది ఎందుకు వేశావు?" అన్నాడు క్లెమెంట్.

"వెయ్యలేదు. పచ్చది సరిపోతుందనే అనుకుంటున్నాను."

ఆమె మిగిలిన పచ్చ ఉండని అరచేతిలో పెట్టి బరువు చూసుకుంది. జతకి సరిపోదు. మడమలకి వేరే ఉన్ని వెయ్యాల్సిందే. సంచి అడుగున పోయినేటి టోపీలో మిగిలిన ఎర్ర ఉండ ఉంది. కెటిల్ మరిగి మరిగి ఆగిపోయింది.

"ఎన్ని వచ్చాయి?" అంది.

"ఒకటే."

"అయితే రెండోది నీ కాలికే ఉందన్నమాట."

క్లెమెంట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను రానని చెబితే ఫాన్షా చాలాసేపు నవ్వాడు. "మేజోడు చూసి జడుసుకున్నావటయ్యా? యుద్ధం రోజుల్లో మీసాలు రాని కుర్రాళ్లు, కింద నుంచి గుళ్లు పేలుతుంటే దీంట్లో ఎగిరారు."

"వాళ్లని సంబరానికి పంపలేదు లెండి," అన్నాడు విల్ఫ్.

ఫాన్షాకి అది వినబడలేదు. ఆయనకి అలాంటివి వినబడవు. ఇంకో పైలట్‌ని ఫోనులోనే ఒప్పించాడు. ధైర్యమంటే ఏమిటో లోకానికి చూపిస్తానని, పక్క సీట్లో తనే కూర్చుంటానని కెమెరావాళ్లకి మాటిచ్చాడు.

మర్నాడు విల్ఫ్ ఆయన్ని రెక్క కింద నిండిన బకెట్ దగ్గరికి తీసుకెళ్లాడు. "మీరూ ఎగురుతున్నారు కదండీ. ఇది మీదే."

అందరూ చూస్తున్నారు, తప్పలేదు. ఫాన్షా జీవితంలో మొదటిసారి బకెట్ ఎత్తి, ఒలకబోసుకుంటూ గట్టు దాకా మోశాడు. వంచితే నీళ్ల వెనక దబ్బుమని ఒక బూటు పడింది. లండన్‌లో వాళ్ల వంశానికి బూట్లు కుట్టే ఆసామి పనితనం. లోపల ఆయన పేరు అచ్చు. తోలు నాని పాచి పట్టింది, లేసు మాత్రం ఆయన వేసుకునే జంట ముడితో అలాగే ఉంది. ఆయన దాన్ని చూశాడు. తన కుడికాలు చూసుకున్నాడు, ఎడమకాలు చూసుకున్నాడు. రెండింటికీ బూట్లు ఉన్నాయి. మళ్లీ చూసుకున్నాడు.

"మీ సైజేనాండీ?" అని విల్ఫ్ మెల్లిగా అడిగాడు.

సాయంత్రం టీ వేళకి ఓడలవాళ్లకి ఫోను వెళ్లింది. ఇంతటి జాతిసంపదని సముద్రం మీద పణం పెట్టడం బాధ్యత గలవాడు చేసే పని కాదని ఫాన్షా పత్రికలకి చెప్పాడు. చదివినవాళ్లు ఎంత గొప్ప ఆలోచన అన్నారు. మేజోడు దొరికిన రోజు ఆ జాతిసంపద ఎక్కడికి పోయిందో ఆయన్ని ఎవరూ అడగలేదు.

విప్పుతుంటే రెక్కలు ఎండుకట్టెల్లా ఉన్నాయి. షెడ్డు నేల మీద మిగిలిన ఉప్పుని విల్ఫ్ చీపురుతో ఊడ్చాడు. పొయ్యి పక్కన వేలాడదీసిన ఆ మేజోడు మాత్రం ఎన్నాళ్లకీ ఆరలేదు.

బెరిల్ ఎర్ర ఉండని పొయ్యిలో వేసింది. పచ్చ ఉన్నితోనే, మడమల దగ్గర ఖాళీ వదిలేసి, జత ముగించింది. క్లెమెంట్ చలికాలమంతా అవే తొడుక్కుని తిరిగాడు. మడమలకి చలేస్తోందే అని ఒకసారి గొణిగాడు.

"వెయ్యనీ," అంది బెరిల్.