తొమ్మిదిన్నర తాళం

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్లు, ఇనుప కొంకి. అలీగఢ్‌లో ఒక కార్ఖానాలో పుట్టి, విజయనగరం బజారులో ఇనుప సామాన్ల కొట్టులో మేకుకు వేలాడి, చివరికి ఒక సర్కారు హైస్కూలు గేటుకు చేరాను. ఏడాదంతా నాకు పని లేదు. ఆ బడిలో దొంగిలించడానికి ఏముంది? విరిగిన బల్లలూ, సున్నం రాలే గోడలూ. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాగానే మాత్రం నేనే ప్రభుత్వాన్ని. తొమ్మిదిన్నర దాటితే ఎవర్నీ లోపలికి రానివ్వను.

నన్ను తిట్టేవాళ్లు ముందు ఇది వినండి. నేను రాకముందు ఇక్కడ పరీక్షంటే జాతర. కిటికీల దగ్గర బావలూ బాబాయిలూ, రాళ్లకు చుట్టి విసిరే చీటీలూ. రైసు మిల్లు యజమాని కొడుక్కి విడిగా గది, ఫ్యాను, పక్కన నిలబడి జవాబులు చెప్పే మాస్టారు. వాడు ఫస్టు క్లాసు. బట్టలుతికే ఇంటి పిల్ల సొంతంగా రాసి ఫెయిలు. నేను వచ్చాక మిల్లు యజమాని కూడా గేటు బయటే నిలబడ్డాడు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, పేరు కనపడని జవాబుపత్రం, దిద్దేది ఎక్కడో ఎవరో. అది చిన్న సంగతా? పరీక్షలు ఎత్తేయమని అరిచేవాళ్లకు నేను వంత పాడను. ఎత్తేస్తే మళ్లీ మిల్లు యజమాని మాటే మార్కులవుతుంది.

అయితే ప్రశ్నపత్రంలో లేని మొదటి ప్రశ్న వేసేదీ నేనే. మీ ఊరికి ఎన్ని బస్సులొస్తాయి? మోటారు సైకిలున్న నాన్న ఉంటే పూర్తి మార్కులు. లెక్కలు వచ్చా రావా అన్నది తర్వాతి మాట.

చీఫ్ సూపరింటెండెంటు విశ్వనాథంగారికి నేనంటే ప్రాణం. అటెండరు సూరప్పడికి నా తాళంచెవి అప్పగిస్తూ, "టైమవగానే వేసెయ్. తర్వాత నేను చెప్పినా తియ్యకు" అన్నారు. గొప్పగా ఉంటుందని అన్న మాట. సూరప్పడు నిజమనుకున్నాడు.

లెక్కల పరీక్ష రోజు ఆయన కానిస్టేబులుతో కలిసి పోలీసు స్టేషన్ నుంచి ప్రశ్నపత్రాల కట్టలు తేవడానికి ఆటోలో వెళ్లారు. తిరిగొస్తుంటే రైలు గేటు పడింది. ఆ ఆటో వెనకే పల్లె బస్సు, అందులో పరీక్ష రాయాల్సిన గౌరీశ్వరి. ఒక గూడ్సు దాటింది, ఇంకోటి రావాలన్నారు. ఆ పిల్ల బస్సు దిగి, కడ్డీ కింద దూరి పరుగెత్తింది. సారు ఆటోలోనే కూర్చున్నారు.

పిల్ల గేటు ముందు వచ్చి పడేసరికి సూరప్పడు అప్పటికే నన్ను నొక్కేశాడు.

"తాతా, రైలు గేటేసీసినారు. తియ్యవా!"

"నానేటి సేసేది గుంటా! సారు సెప్పినారు."

"ఇది పోతే మాయమ్మ నన్ను జీడిపిక్కల కార్ఖానాకి తోలేస్తాది తాతా! పాసయితేనే కాలేజీ అంది."

సూరప్పడు మొహం తిప్పుకున్నాడు. అంతలో ఆటో వచ్చింది. విశ్వనాథంగారు దిగి "తియ్యి" అన్నారు.

"మీరు సెప్పినా తియ్యొద్దన్నారు కదా బాబూ."

"ఒరేయ్, పేపర్లు నా దగ్గరున్నాయిరా! లోపల పిల్లలు ఏం రాస్తారు?"

సూరప్పడు ఆలోచించాడు. "అదీ నిజిమే. అయినా మీరు ఆలీసం బాబూ."

బయట నిలబడ్డ తల్లిదండ్రులు గొల్లుమన్నారు. "సారుకో గడియారం, మా పిల్లలకో గడియారమేటి? తీస్తే ఇద్దరికీ తియ్యి!" అని ఒకావిడ లేచింది. ఒకడు అప్పటికే ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు.

నన్ను తీయిస్తే రూలు పోతుంది, వీడియో జిల్లా అంతా తిరుగుతుంది. తీయించకపోతే పరీక్షే లేదు. ఇలాంటి చిక్కొస్తే పెద్దమనుషులు రూలును ముట్టుకోరు, దాని పక్కనుంచి పోతారు. ఆయన గేటు పక్క గోడ చూశారు. ప్యాంటు పైకి లాక్కుని, కానిస్టేబులు భుజమ్మీద ఒక కాలు, ఇటుక ఊడిన సందులో ఇంకో కాలు పెట్టి అవతలికి దూకారు. కట్టలు కానిస్టేబులు అందించాడు. నేను వేసినట్టే ఉన్నాను. రూలు చెక్కుచెదరలేదు.

సారు బట్టలు దులుపుకుంటుంటే గోడ మీద ఇంకో తల లేచింది. గౌరీశ్వరి చున్నీ నడుముకు బిగించి, అదే సందులో కాలు పెట్టింది.

"ఏయ్, దిగు! ఎక్కడికి?"

"గేటు తియ్యమనట్లేదు కదండీ సార్" అంది గోడ మీంచి.

బయట ఈలలు. ఆయన నోరు తెరిచారు, ఫోను వైపు చూశారు, మూసుకున్నారు. "సరే, పరుగెత్తు. లెక్కల్లో తప్పితే చంపేస్తాను" అన్నారు.

ఆ సాయంత్రం పై అధికారులకు ఆయన పంపిన రిపోర్టు ఇది: "నిర్ణీత సమయం తర్వాత గేటు తెరవలేదు." అక్షరాలా నిజం. గౌరీశ్వరి పాసయింది. గొప్ప మార్కులేం కాదు, కాలేజీకి సరిపోయాయి.

కొన్నేళ్లకు గేటుకు కొత్త తాళం వచ్చింది; నేనిప్పుడు పాత ఇనుము కొట్టులో, తుప్పు పట్టిన సైకిలు చైన్ల మధ్య ఉన్నాను. పిల్లలందర్నీ ఒకే కొలతతో కొలవండి, కాదనను. కొలిచే ముందు అందర్నీ గేటు దాకా తీసుకురండి. అది చేతకాక నన్ను వేలాడదీసి న్యాయం అంటే సిగ్గు నాక్కాదు, మీకు.

అన్నట్టు, ఆ పరీక్షలయ్యాక వచ్చిన వేసవిలోనే బడికి మరమ్మతులు జరిగాయి. గోడ రెండడుగులు పెంచి, పైన గాజుపెంకులు నాటారు. విశ్వనాథంగారు ఎండలో దగ్గరుండి చేయించారు. ఎక్కడెక్కడ కాలు పెట్టి ఎక్కొచ్చో ఆయనకు బాగా తెలుసు కదా.