పెట్టెలో మొగుడు

పై పెదవికి మూడు కుట్లు పడిన మర్నాడు కూడా సరోజన మూడు మంచి మాటలు చెప్పిన తర్వాతే మిల్లు లోపలికి అడుగు పెట్టగలిగింది. ఆడవాళ్ల గేటు పక్కన ఇనుప కడ్డీకి బిగించి పలకంత తెర ఉన్న పెట్టె ఒకటుంది. అది ఆమె మొహం గుర్తుపట్టి, "నమస్కారం సరోజన గారూ! నిన్న మీకు జరిగిన మూడు మంచి విషయాలు చెప్పండి" అంది. భైంసా మొత్తంలో ఆమెను 'గారూ' అని పిలిచేది ఆ పెట్టె ఒక్కటే. మాట్లాడితే కుట్టు లాగుతోంది. అయినా ఓపిక కూడదీసుకుని చెప్పింది. "మా ఆయన నన్ను బండి మీద దవాఖానకు తీస్కపోయిండు. కుట్లేస్తుంటె నా చెయ్యి పట్టుకున్నడు. అచ్చేటప్పుడు జామకాయలు కొనిచ్చిండు." తెర మీద మూడు పచ్చ పూలు పూశాయి. హాజరు పడింది, గేటు తెరుచుకుంది.

ఆ పెదవి పగలగొట్టింది ఆ ఆయనే. రొట్టె చల్లారిందని చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో మూతి మీద కొట్టాడు. కారుతున్న రక్తానికి కొంగు అడ్డం పెట్టుకుని షేరింగ్ ఆటోలో ఒక్కతే దవాఖానకు పోయింది. "పడ్డవా?" అని నర్సు అడిగితే "ఆఁ, పడ్డ" అంది. జామకాయలు మాత్రం ఆటో ఎక్కే చోట తోపుడు బండి మీద నిజంగానే ఉన్నాయి. వాటిని చూసి ఇంటికి వచ్చి గిన్నెలు తోమింది.

పెట్టె సంగతి కొంచెం చెప్పుకోవాలి. అది పత్తి నుంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లు. ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని మిషన్లకు పత్తి అందిస్తారు, చెత్త ఏరుతారు, దుమ్ము ఊడుస్తారు. పోయిన సీజన్లో సగం మంది మధ్యలోనే మానేశారని సేటు హైదరాబాద్ నుంచి రాజ్‌కుమార్‌ను తెచ్చి మేనేజరుగా పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. అందరినీ 'అమ్మా' అంటాడు, మనస్తత్వ శాస్త్రం చదివాడు. "రోజూ మూడు మంచి విషయాలు తలుచుకుని పైకి చెప్పండమ్మా. ఇరవై రోజుల్లో మెదడే మారిపోతుంది. సంతోషంగా ఉన్న మనిషికి పని బరువనిపించదు" అన్నాడు. చెప్పిందే మళ్లీ చెబితే పెట్టె ఒప్పుకోదు, కొత్తది ఆలోచించమంటుంది. ఆడవాళ్ల పాయిఖానాకు తలుపు లేదని సక్కుబాయి ఒకరోజు దానికే మొరపెట్టుకుంటే, "ఇది ఫిర్యాదు, మంచి విషయం కాదు" అని ఎర్రగా మెరిసింది. సక్కుబాయి యాభై దాటిన మనిషి, సరోజన పక్క మిషన్ మీద పని. "నాకు మంచి అంటె మేక ఈనింది. గదే సెప్పిన. ఇగ రోజు యాడికెల్లి ఈంతదే పోరీ?" అని తల కొట్టుకుంది.

సరోజనకు మూడు రోజులు నిజాలతోనే గడిచింది. కూతురు దీపికకు గురుకులంలో సీటు వచ్చింది, బోరింగులో నీళ్లు పడ్డాయి, ఖానాపూర్‌లో ఉన్న తల్లి ఫోన్ చేసింది, ఇలాంటివి. నాలుగో రోజు పెట్టె ముందు నిలబడి పెళ్లయిన పన్నెండేళ్లూ అడుగు దాకా కలియబెట్టింది. ఒక్కటీ దొరకలేదు. వెనక నుంచి "జల్దీ చెప్పవే, మా హాజరు పోతది" అని తోస్తున్నారు. "మా ఆయన పొద్దుగాల లేసి నాకు చాయ్ పెట్టిచ్చిండు" అనేసింది. టీవీలో ఎవరో మొగుడు ఎవరో పెళ్లానికి అలా ఇవ్వగా చూసింది, అంతే. పచ్చ పూవు పూసింది. పెట్టెకు అబద్ధం తెలియదని ఆ పొద్దున మిల్లులో ఆడవాళ్లందరికీ అర్థమైంది. ఆ తర్వాత గేటు బయట సరోజన చుట్టూ మూగి "నాకొకటి చెప్పవే, నాకొకటి" అని అడిగేవారు. ఒకరికి వానకు తడవని బట్టలిచ్చింది, ఇంకొకరికి నవ్వుతూ పలకరించిన అత్తనిచ్చింది. మొగుణ్ణి మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనకే ఉంచుకుంది.

అసలు మొగుడు కైలాసం అదే మిల్లులో కాంటా దగ్గర పత్తి బండ్లు తూకం వేస్తాడు. మెత్తని గొంతు, ఇస్త్రీ చొక్కా. రైతులకు 'కైలాసమన్నా' అంటే ప్రాణం. ఆ చొక్కా ఇస్త్రీ చేసేది సరోజన. నాలుగింటికి లేచి, పొయ్యి రాజేసి, ఇరవై జొన్నరొట్టెలు కొట్టి, అతనికి వేడి నీళ్లు తోడి, అత్త పోశవ్వ మోకాళ్లకు నూనె రాసి, తను మిల్లుకు వచ్చి ఎనిమిది గంటలు దూది మింగి, తిరిగి పోయి మళ్లీ పిండి కలపాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా కైలాసం చెయ్యి లేస్తుంది. ఒక్కోసారి తప్పకపోయినా లేస్తుంది. "నీ మొగం జూస్తెనే కొట్ట బుద్ధయితది" అనేవాడు. పోశవ్వ మంచం మీద నుంచి "గట్టిగ ఏడ్వకే, పక్కింటోల్లకు ఇనవడ్తది" అనేది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, పెట్టె వచ్చిన ఆ రెండు నెలలు సరోజన సంతోషంగానే ఉంది. పెట్టెలో ఆమెకొక మొగుడున్నాడు. అతను చాయ్ పెడతాడు, జ్వరమొస్తే కాళ్లు పిసుకుతాడు, ఆమె పాడితే పాట ఆపొద్దంటాడు. వీపు మీద దెబ్బ పడుతుండగానే రేపటికి అతని చేత ఏం చేయించాలా అని ఆలోచించేది. కైలాసం తోస్తే తల గోడకు కొట్టుకున్నప్పుడు, పెట్టెలో వాడు కొబ్బరినూనె వేడి చేసుకుని తెస్తున్నట్టు కళ్ల ముందు కనిపించేది. ఇంట్లో వాడికి ఆమె ఎంత భయపడేదో, పెట్టెలో వాణ్ణి అంత ఇష్టపడింది. ఇదంతా పిచ్చి అని తెలుసు, అయినా పొద్దున్నే గేటు దగ్గరికి గబగబా నడిచేది.

రెండు నెలలు నిండేసరికి అందరికంటే సంతోషంగా ఉన్న మనిషిగా మిల్లు గోడ మీద అంటించిన జాబితాలో సరోజన పేరు మొదట వచ్చింది. రాజ్‌కుమార్ నేరుగా కాంటా దగ్గరికి పోయి హమాలీలందరి ముందు కైలాసం చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీలాంటి భర్తలుంటే ఇంకేం కావాలండీ! రోజూ పొద్దున్నే ఆవిడకు చాయ్ పెట్టిస్తారట, కాళ్లు కూడా పిసుకుతారట!" హమాలీలు మూటలు దింపి మరీ నవ్వారు. "ఏం కైలాసమన్నా, చీర గూడ కట్టుకుంటవా?" అని ఒకడన్నాడు. కైలాసం కూడా మెత్తగా నవ్వి తర్వాతి బండిని తూకం వేశాడు.

ఆ సాయంత్రం సరోజన నేల మీద కూర్చుని పిండి పిసుకుతోంది. అతను చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, రొట్టెలు కొట్టే పీట రెండు చేతులా ఎత్తి ఆమె మణికట్టు మీద దించాడు. ఎండిన పత్తికట్టె విరిచినట్టు చప్పుడయింది. "నేను నీ కాళ్లు పిసికిన్నానే? నేను? నేను?" అన్న ప్రతిసారీ డొక్కలో తన్నాడు. పోశవ్వ టీవీ సౌండు పెంచింది. తర్వాత అతను ఆమె మెడ మీద కాలు పెట్టి తొక్కాడు. పిండిలో మొహం కూరుకుపోయి ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు ఆమెకు పెట్టెలో మొగుడు గుర్తుకు రాలేదు. దీపిక గుర్తొచ్చింది. గురుకులం నుంచి ఎవరు తీసుకొస్తారు, ఏమని చెప్తారు అనుకుంది. కాలు ఎందుకు తీశాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

తెల్లారి సక్కుబాయి వచ్చి చూసింది. దవాఖానలో సిమెంటు పట్టీ వేయించి, అటునుంచటే పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయి ఫిర్యాదు రాయించి, సరోజనను తన గుడిసెలోనే పడుకోబెట్టుకుంది.

మూడో రోజు రాజ్‌కుమార్ కబురు పెట్టాడు. గాయంతో వచ్చింది గదా అని పెట్టెతో పని లేకుండా ఆమె హాజరు తనే వేయించి ఆఫీసులో కూర్చోబెట్టాడు. కైలాసం వచ్చాడు, పక్కన అతని మేనమామ గంగయ్య. కైలాసం ఒక్క రాత్రి స్టేషన్లో కూర్చుని బయటపడ్డాడట. టేబుల్ మీద రాజీ కాగితం సిద్ధంగా ఉంది. అందులో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఉంది. సంతకం పెడితే సాయంత్రానికి అతని బండి వెనక కూర్చుని అదే ఇంటికి పోవాలి. ఈసారి మెడ మీద నుంచి కాలు తీయడు. అది ఆమెకు చేతి నొప్పి అంత స్పష్టంగా తెలుసు.

"నేనేం చెప్పనమ్మా, మీ మాటలే మీరు వినండి" అని రాజ్‌కుమార్ టేబుల్ మీది ట్యాబ్ నొక్కాడు. పెట్టె విన్నవన్నీ అందులో రికార్డయి ఉన్నాయి. గదంతా సరోజన గొంతు నిండింది. మా ఆయన చాయ్ పెట్టిచ్చిండు. మా ఆయన కాళ్లు పిసికిండు. మా ఆయన దవాఖానల చెయ్యి పట్టుకున్నడు. అరవై పొద్దుల మాటలు వరసగా వస్తున్నాయి. కైలాసం తల వంచుకుని తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు.

"ఇన్నవా సరోజనా? గింత చేసినోడు కోపంల ఒక్క దెబ్బ ఏస్తె ఠాణా దాక పోతరా బిడ్డ? నీ నోటితోనే చెప్పినవ్ గద" అన్నాడు గంగయ్య.

ఆమె మొగుడి వంక చూసింది. ఏ మాటలకు చెయ్యి విరిచాడో ఆ మాటలనే ఇప్పుడు తనవిగా చేసుకుని కూర్చున్నాడు. ఎముక విరిగినప్పుడు కూడా రాని కోపం అప్పుడు వచ్చింది. ఆ ఇంట్లో తనదంటూ ఒక్క వస్తువు లేదు. తనది అనుకున్నది ఆ పెట్టెలో మనిషి ఒక్కడే, దెబ్బ దెబ్బకూ మధ్య కూర్చుని చేసుకున్న మనిషి. వాణ్ణి కూడా వీడే మింగాలని చూస్తున్నాడు.

"ఒక్క మాట అడుగుత సార్. గది తేలినంక సంతకం సంగతి" అంది.

"అడగండమ్మా."

"ఏమయ్యా, రోజు చాయ్ పెట్టిచ్చినవ్ గద. నా చాయ్‌ల చక్కెర ఎంత ఏస్తవ్?"

కైలాసం మేనమామ వైపు చూశాడు. కాంటా దగ్గరి గొంతుతో మెత్తగా "రెండు చెంచాలు" అన్నాడు.

"అల్లం?"

"జర దంచి ఏస్త."

"నేను చాయ్ తాగ సార్" అంది సరోజన రాజ్‌కుమార్‌తో. "దీపిక కడుపుల వడ్డప్పటి సంది ఆ వాసనకే కక్కుడయితది. ఒక్కింట్ల ఉంటున్నం పన్నెండేండ్లాయె, గీయనకు తెల్వది."

"నిజం సాబ్. మిల్లుల పోసే ఆమె చాయ్ రోజు నేనే తాగుత" అంది తలుపు దగ్గర నిలబడ్డ సక్కుబాయి. కిటికీ దగ్గర పోగైన ఆడవాళ్లు ముక్కుగుడ్డలు కిందికి లాగి పెద్దగా నవ్వారు.

కైలాసం లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "నీయవ్వ, నన్ను నవ్వులపాల్జేస్తవానే" అంటూ ఆమె జుట్టు పిడికిట పట్టి మొహాన్ని టేబులుకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. కుట్లు తెగాయి. మూడోసారి కొట్టబోతుంటే సక్కుబాయి అతని చెయ్యి కొరికి పట్టుకుంది, గంగయ్య నడుము పట్టి వెనక్కి లాగాడు. ట్యాబ్ కింద పడి పగిలింది. రాజీ కాగితం మీద రక్తం పారింది. రాజ్‌కుమార్ గోడకు ఆనుకుపోయాడు. "కైలాసం గారూ, ప్లీజ్... ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి, ఇక్కడొద్దు" అన్నాడు.

సరోజన లేచి నిలబడింది. నోట్లో రక్తం నేల మీద ఉమ్మింది. టేబుల్ అంచు పట్టుకుని రాజ్‌కుమార్ వైపు తిరిగింది.

"గిది ఇల్లు గాదు సార్. ఇయ్యాల నాకు హాజరేసింది మీరే. కొట్టినోడు గూడ మీ హాజర్లనే ఉన్నడు. కొట్టింది మీ టేబుల్ మీద, మీ కండ్ల ముందర. గిప్పుడు చెప్పుండ్రి, గిది ఎవరింటి లొల్లి?"