శాంతి గది

మూడో పీరియడ్‌లోనే ఉప్పెన విరుచుకుపడింది. తొమ్మిదేళ్ళ ఆ పిల్లకి తోటిపిల్లలు పెట్టిన పేరది. బెంచీ తోసేసి, పట్టుకోబోయిన టీచర్ చేతిని రక్తం వచ్చేలా కొరికింది. టీచర్ చెయ్యి కడుక్కుని వచ్చేలోగా ఆయాలు పిల్లని రెక్కపట్టుకు లాక్కెళ్ళి, శాంతి గదిలో వేసి తాళం పెట్టేశారు.

పాత సామాన్ల కొట్టుకి సున్నం వేయించి హెడ్‌మిస్ట్రెస్ పెట్టిన పేరది. కిటికీ అయినా లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

టీచర్‌ది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అందుకే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుంది. కానీ ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ఆ తలుపు బాదిన చప్పుడే వినిపించేది. ముద్ద దిగేది కాదు.

ఇవాళ తలుపు కాసేపే మోగి ఆగిపోయింది.

“చూశావా, మెల్లగా దారికొస్తోంది,” అంది హెడ్‌మిస్ట్రెస్.

టీచర్‌కి నిన్న విన్నది గుర్తొచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆ పిల్ల తల్లి నిన్న సాయంత్రమే వచ్చి అంతా చెప్పింది. చూసుకునే దిక్కులేక, పసితనం నుంచీ పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేసి పనికి వెళ్ళేదట. ఓసారి ఆర్డరు తెమలలేదని ఫ్యాక్టరీవాళ్ళు గేటు మూసేసి, తెల్లవార్లూ కుట్టించారట.

“పక్కింటోళ్ళకి కాసేపు తలుపు చప్పుడు వినపడిందంట టీచర్. ఆగిపోతే పడుకుందనుకున్నారు. నేనొచ్చేసరికి కళ్ళు తెరుచుకునే ఉంది. నెల రోజులు నన్ను అమ్మా అని పిలవలేదు.”

ఇవాళ పొద్దున్నే టీచర్ ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్ చెవిన వేసింది. ఎవరింట్లో లేవు కష్టాలు అని ఆవిడ ఫైలు తిప్పుకుంది.

ఇప్పుడిక టీచర్ ఆయా చేతిలోంచి తాళంచెవి తీసుకుని తలుపు తెరిచింది. పిల్ల మూలన గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. టీచర్ కూడా వెళ్ళి పక్కనే నేలమీద చతికిలబడింది.

హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చి, వేలాడుతున్న తాళం అందుకుంది. “బయటికి రా. వచ్చే ఏడాది సంగతి ఆలోచించుకున్నావా?”

“రాను మేడమ్. వేసేదైతే నన్నూ లోపలే ఉంచి వెయ్యండి,” అంది టీచర్.

గుమ్మంలోంచి పడిన వెలుతురుకి పిల్ల మెల్లగా తల తిప్పింది.

“తెల్లారిందా?” అంది.

టీచర్ హెడ్‌మిస్ట్రెస్ చేతిలోని తాళం వైపు చూసింది.

“ఇంకా లేదమ్మా,” అంది.