గవ్వకు పట్టిన తామర

అయినా మనిషికి వస్తే చర్మవ్యాధి అంటారు, కుక్కకు వస్తే గజ్జికుక్క అంటారు; తీర్పు ముందే చెప్పేసి రోగాన్ని తర్వాత చూస్తారు, అనుకుంది భావన, వసారాలో కూర్చుని మెడ మీది తామర మచ్చను తడుముకుంటూ. రూపాయి బిళ్ళంత గుండ్రం. అంచు ఎర్రగా, మధ్యలో చర్మం మామూలుగా. ఇంటి కుక్క గవ్వకు చెవి వెనక వెంట్రుకలు రాలిన చోటా అదే ఆకారం. సిగ్గుపడాలని తెలుసు, కానీ సిగ్గు రాలేదు. ఈ ఇంటికి వచ్చాక తనకు మరొకరితో ఉమ్మడిగా దొరికింది ఇదొక్కటేనేమో. ఆ ఆలోచనకు తనే ఉలిక్కిపడింది.

తప్పంతా తన నోటిదే. గురజాల పశువుల ఆసుపత్రిలో డాక్టరు, "ఇది ఫంగస్ అమ్మా. తగ్గిపోద్ది, కాకపోతే నెలపైనే పడుద్ది," అని షాంపూ, పూతమందు రాసిచ్చాడు. అది పడుకునే గోనెపట్టా మార్చమన్నాడు, ముట్టుకున్నప్పుడల్లా చేతులు కడుక్కోమన్నాడు. ఇంటికొచ్చి భర్తకు అన్నీ చెప్పింది. వెంకటకృష్ణ చెవిలో ఒక్క మాటే మిగిలింది: ఫంగస్. మిరప రైతుకు ఆ మాట పరాయిది కాదు. బూడిద తెగులు ఫంగస్. కాయకుళ్ళు ఫంగస్.

ఇప్పుడతను తోటలో మిగిలిన తెగులు మందు కలిపి, స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని వాకిట్లోకి వచ్చాడు. గుంజకు కట్టేసిన గవ్వ ఆ వాసనకు చెవులు వెనక్కి వాల్చింది.

"పది నిమిషాల పని. నెల రోజులు షాంపూ ఏందే, దానికేమన్నా పెళ్ళా?"

"మిరపాకు తన ఒళ్ళు తను నాక్కోదండీ. ఇది నాక్కుంటది. మందు కడుపులోకి పోతే చచ్చిపోతది."

"చస్తే చచ్చింది," అంది అత్త వీరరాఘవమ్మ గడప మీద నుంచి. "నీ మెడకు అంటించింది చాల్లేదా? ఇయ్యాళ నీకు, రేపు నాకు. ఇంక మనింట్లో మంచినీళ్ళు కూడా ఎవురూ తాగరు."

భావన లేచి భర్త ఎదురుగా నిలబడింది. జడ పక్కకు తీసి మెడ వంచింది.

"నాదీ అదేగా. ముందు నాకు కొట్టండి."

"ఏమే, పిచ్చా? నీకు ఆయింట్‌మెంట్ ఉందిగా!"

"దానిక్కూడా ఉంది."

అతను నవ్వబోయాడు. గొట్టం కొన నుంచి ఒక చుక్క జారి అతని పాదం మీద పడింది. వెంటనే ఆ పాదాన్ని మట్టిలో గట్టిగా రుద్దాడు.

భావన అది చూసింది. పాపం, తెలియక చేస్తున్నాడన్న జాలి ఇంతసేపూ తనను మెత్తబరుస్తూనే ఉంది. ఇప్పుడది పోయింది. పోయాక ఒంట్లో ఏదో బరువు దిగినట్టుంది.

"పక్కకు జరగవే మొండిదానా," అంది అత్త. "వాడు ఆ బరువు మోసుకుని ఎంతసేపు నిలబడతాడు?"

"నిలబడమనండి అత్తయ్యా. నేనూ నిలబడతా."

గుండె దడదడలాడుతోంది. అది భయమేనని తనకు తెలుసు. భయం ఉంటే ఉండనీ, అది పోయేదాకా ఆగాలని ఎవరన్నారు?

వంగి గుంజ దగ్గర ముడి విప్పింది. భావన గవ్వతో గడప దాటుతుంటే అత్త కుచ్చెళ్ళు ఎగదీసుకుని గోడకు అతుక్కుపోయింది. భావన తన గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, లోపల గడియ పెట్టింది.