తెర మూలన తేదీ

"తేదీకి ముందు నెల ఏంట్రా? తల్లికంటే ముందు పిల్ల పుట్టినట్టు!"

తల్లి పెద్దోడు అని పిలిచే వడ్రంగి పొద్దున్నే కంప్యూటర్ మీద విరుచుకుపడ్డాడు. తెర కింది మూలన నెల ముందు, తేదీ వెనక కనబడటం అతనికి నచ్చలేదు.

"ఎలా ఉంటే ఏంటన్నయ్యా, రోజు మారిపోదుగా," అన్నాడు తమ్ముడు.

"మాటకి మాటా! లే అవతలికి."

మౌసు లాక్కున్నాడు. దేశాల పట్టీలో తేదీ ముందుండే ఏదో దేశాన్ని వెతికి నొక్కి, మీసం సవరించుకున్నాడు. పక్కన బల్ల తుడుస్తున్న భార్య, ఇవాళ్టి పోరు ఇంతటితో పోయిందిలే అనుకుంది.

ఆ కంప్యూటర్ ఉన్న ఇంటి వెనక షెడ్డులోనే తలుపుల మీద లతలు చెక్కే యంత్రం ఉంది. కంప్యూటర్ ఎంత లోతు చెబితే అంత దిగుతుంది. తమ్ముడు ఎప్పటిలాగే రెండున్నర మిల్లీమీటర్లు కొట్టి మీట నొక్కాడు. తిరుగుతున్న ఉలి చెక్కలోకి నిలువునా దిగబడింది. పొగ లేచింది. ఫెళ్లున విరిగిన ఉక్కుముక్క పక్కనున్న అన్న చెవి తమ్మెను చీల్చుకుంటూ వెళ్లి గోడలో గుచ్చుకుంది.

నెత్తురు కారే చెవి పట్టుకుని అతను తెర చూశాడు. లోతు, ఇరవై అయిదు.

"చంపుదామనుకున్నావురా నన్ను?"

చేతికందిన కర్రతో బాదడం మొదలుపెట్టాడు. వీపు మీద, భుజం మీద, అడ్డం పెట్టిన చేతి మీద. ఎముక పుటుక్కుమనడం గుమ్మంలో నిలబడ్డ భార్యకి వినబడింది.

"వదినా, రెండున్నరే కొట్టాను. ఒట్టు!"

అడ్డం వెళితే ఆమె భుజానికీ ఒకటి తగిలింది. కర్ర విరిగాకే అతను ఆగాడు.

"భోజనాల దగ్గర అందరి ముందూ చెబుతా. ఈ ఇంట్లో వీడికి ఈ పూటే ఆఖరు ముద్ద."

గొడవ విని వచ్చిన అత్తగారు ఎప్పటి మాటే అంది. "అన్న కొడితే పడాలి. పరాయివాడా?"

మరిదికి కట్టు కట్టించి తీసుకొచ్చాక పెద్దోడి భార్య కంప్యూటర్ ముందు కూర్చుంది. మరిది అబద్ధమాడే మనిషి కాడు. రెండు, చుక్క, అయిదు కొట్టింది. తెర ఇరవై అయిదు అంది. ఒకటిన్నర కొట్టింది. పదిహేను అంది. చుక్కని ఎవరో మింగేస్తున్నారు!

పొద్దున్న పెద్దోడు నొక్కిన చోటు గుర్తొచ్చింది. ఆ పేజీ తెరిస్తే, తేదీ కిందే అంకెల నమూనా ఉంది. అందులో చుక్కలుండాల్సిన చోట కామాలు, కామాలుండాల్సిన చోట చుక్కలు. ఆ దేశంలో భిన్నానికి ముందు కామా పెడతారు. చుక్క వేలని విడదీయడానికే. అందుకే చుక్కకి అక్కడ విలువ లేదు. అనుమానం తీరడానికి రెండు, కామా, అయిదు కొట్టింది. రెండున్నరగానే నిలిచింది.

పాత దేశమే పెట్టేసింది. తేదీ ఒక్కదాన్నే మార్చుకునే వీలు ఆ పక్కనే ఉంది. చూసే ఓపిక ఉండాలి, అంతే.

చెవికి కుట్లు వేయించుకుని వచ్చిన భర్తకి అన్నీ మళ్లీ చేసి చూపించింది. అతను మొత్తం చూశాడు. ముఖం నల్లబడింది.

"అంటే తప్పు నాదంటావ్?"

"మీరు మార్చిందేనండీ."

చెంప ఛెళ్లుమంది. ఆమె పెదవి బల్ల అంచుకి తగిలి చిట్లింది. కీబోర్డు మీద నెత్తుటి చుక్క పడింది. తమ్ముడికి ఒక్క మాటా చెప్పకుండా వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు.

ఆమె పెదవి తుడుచుకుని అందరికీ వడ్డించింది. తనూ కంచం పెట్టుకుని కూర్చుంది.

"వీడు రేపు పొద్దున్నే..." అని మొదలుపెట్టాడు పెద్దోడు.

"యంత్రాన్ని పాడుచేసింది మీ పెద్దకొడుకు, అత్తయ్యా. నేను చూపిస్తే నన్నూ కొట్టాడు."

అతని కంచం గోడకి తగిలి పగిలింది. లేచి చెయ్యెత్తాడు. ఆ చేతిని అత్తగారు మణికట్టు దగ్గర పట్టుకుంది. వదల్లేదు.

"చాల్లేరా పెద్దోడా. చిన్నోడి చెయ్యి విరిచావు, సరిపోలేదా? కూర్చో."

కోడలు అన్నం కలుపుతూనే చెప్పింది. "మరిది ఎక్కడికీ వెళ్లడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చేశాను. కట్టు విప్పేదాకా కొలతలు నేను వేస్తాను, తర్వాత తనే. మీరు చెక్కలు చిత్రిక పట్టుకోండి. ఈ ఇంట్లో ఇంకెవరి మీద చెయ్యి లేచినా, పోలీసుల దగ్గరికి నేనే నడిచి వెళతాను."