బస్సు వెనక చెంబెడు నీళ్లు

మా ఊరు కరాయాలి ఫుట్‌బాల్ జట్టు రంగులు గోధుమ, తెలుపు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మాకు అలవాటే. మిగతా క్లబ్బులన్నీ నెత్తురు రంగో, సముద్రం రంగో ఎంచుకుంటే మావాళ్లు ఏరికోరి మట్టి రంగు పట్టుకున్నారని చుట్టుపక్కల ఊళ్లన్నీ మమ్మల్ని ఏడిపిస్తాయి. మేం మైదానంలో అడుగు పెట్టగానే "తొక్కలొచ్చాయిరోయ్, చీపుళ్లు తెండి!" అని అరుస్తారు. ఎడమవైపు డిఫెన్స్‌లో పదేళ్లు ఆడినవాణ్ని, ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. అలా అరిచినవాళ్లలో కొందరి కాళ్ల మీద నా బూటు గుర్తులూ ఇంకా ఉండే ఉంటాయి.

నిజానికి ఆ రంగును ఎవరూ ఎంచుకోలేదు. చేపల పడవల కుర్రాళ్లు, రేవులో బస్తాలు మోసే కుర్రాళ్లు కలిసి క్లబ్బు పెట్టుకున్న రోజుల్లో చొక్కాలకు గుడ్డ లేదు. పిండి సంచులు విప్పి కుట్టారు. వీపు మీద పిండిమర పేరు కనపడుతుంటే పరువు తక్కువ కదా! అందుకని క్లబ్బు పెట్టినాయన భార్య పచ్చి అక్రోటు కాయల తొక్కలు నీళ్లలో నానబెట్టి, ఆ సంచులకు రంగు వేసింది. ఆ రంగు ఒకసారి అంటితే వదలదు. నెల రోజులు ఆవిడ చేతులు కూడా అదే రంగులో ఉన్నాయట. తర్వాత చేతిలో నాలుగు డబ్బులు ఆడినా మావాళ్లు రంగు మార్చలేదు.

రాష్ట్ర రాజధాని జట్టు చేతిలో పదకొండు గోల్స్ తిన్నాం. ఊరంతా రాళ్లు మోసి స్టేడియం గోడ కట్టుకున్నాం. మూడో లీగుకు ఎక్కాం, దిగాం, మళ్లీ ఎక్కాం. ఇదీ మా చరిత్ర. గొప్పదేం కాదు, కానీ మాది.

అందులో చెప్పుకోవడానికి నోరు రాని పేజీ ఒకటుంది. అప్పట్లో బయటి ఊరి ఆటకు జట్టు లారీలో వెళ్లేది. ప్రయాణమైన వాళ్ల వెనక చెంబెడు నీళ్లు పోసి "నీళ్లలా వెళ్లండి, నీళ్లలా రండి" అనడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఆ శీతాకాలం ఒక ఉదయం, కొత్తగా పెళ్లయి కడుపుతో ఉన్న మెలాహత్, మొగుడితో ఏదో చిన్న మాటకు అలిగి బయటికి రాలేదు. మొగుడు ఇల్యాస్ మా సెంటర్ ఫార్వర్డ్, క్లబ్బు పెట్టినాయన కొడుకు. లారీ కనుమలో మంచు మీద జారి లోయలో పడింది. ఇల్యాస్ తిరిగి రాలేదు. ఇంకో ఇద్దరు కూడా రాలేదు.

ఆ రోజు నుంచి మా జట్టు ఏ ఊరు బయలుదేరినా మెలాహత్ చేతిలో రాగి చెంబుతో క్లబ్బు ముందు నిలబడేది. జ్వరంలోనూ వచ్చింది, కొడుకు పెళ్లి నాడూ వచ్చింది. అమ్మాయి ఆంటీ అయింది, అవ్వ అయింది. బస్సు డ్రైవర్ నుస్రెత్ అయితే అద్దంలో ఆవిడ చెంబు ఒంచడం చూశాకే గేరు వేసేవాడు. క్లబ్బు అధ్యక్షుడు ఒకసారి తొందరపెడితే "నువ్వు దిగి తోసుకో సార్, ఆవిడ పొయ్యందే నేను కదలను" అన్నాడు.

ఆ అధ్యక్షుడి పేరు జావిత్, మర్యాదకు జావిత్ బేయ్ అనేవాళ్లం. పక్క జిల్లా దెమిరోవా నుంచి వచ్చి మా దగ్గర అపార్టుమెంట్లు కట్టిన కాంట్రాక్టరు. మంచి మాటకారి. నా టీ దుకాణంలో అందరికీ టీలు చెప్పేవాడు. కొత్త బూట్లు కొనిచ్చాడు, బస్సు కొనిచ్చాడు. మేం నెత్తిన పెట్టుకున్నాం.

ఇప్పుడు మేం చేసిన తెలివితక్కువ పని చెబుతాను. సర్వసభ్య సమావేశం అంటే మా ఊళ్లో మొదటి పిలుపుకు ఎవరూ వెళ్లరు. కోరం ఎలాగూ ఉండదు. వారం తర్వాత రెండో సమావేశం పెడతారు, దానికి కోరంతో పనిలేదు. వచ్చిన నలుగురూ చేతులెత్తి టీ తాగి ఇంటికెళతారు. మా తాతల నాటి నుంచీ ఇంతే. ఆ వసంతంలోనూ క్లబ్బు తలుపుకు కాగితం అంటించారు. అందరం చూశాం, ఎవరం పట్టించుకోలేదు. రెండో సమావేశం సరిగ్గా బయటి ఊరి ఆట రోజున పడింది. పైగా జావిత్ బేయ్ అభిమానుల కోసం మూడు బస్సులు ఉచితంగా పెట్టాడు.

"రుస్తుం అన్నా, మరి సమావేశం సంగతి?" అని ఎవరో అడిగితే నేనే విసుక్కున్నాను.

"ఆటుంటే సమావేశం ఏంట్రా? చేతులెత్తడానికి వాళ్లే ఎవరో ఒకరు ఉంటార్లే, ఎక్కు బస్సు!"

మెలాహత్ అవ్వ నాలుగు బస్సుల వెనకా నీళ్లు పోసింది. గెలిచాం కూడా. అవ్వ మనవడు ఓర్చున్ మా గోల్‌కీపరు, ఆఖరి నిమిషంలో పెనాల్టీ ఆపాడు. దారి పొడుగునా డప్పు కొడుతూనే వచ్చాం. పొద్దు వాలుతుండగా క్లబ్బు వీధిలోకి తిరిగాం.

ముందు డప్పు ఆగింది.

క్లబ్బు గోడకు నిచ్చెన ఆనించి ఉంది. బోర్డు లేదు. దాని మేకుల చిల్లులు మాత్రం ఉన్నాయి. మెట్ల మీద ముక్కూ మొహం తెలియని మగాళ్లు నలభై మంది నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. చలికాలంలో మాకు తెలియకుండా సభ్యులుగా చేర్పించిన దెమిరోవా వాళ్లు. మధ్యలో జావిత్ బేయ్. ఆ మనిషి మమ్మల్ని చూసి నవ్వాడు, ఆ నవ్వును నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"శుభాకాంక్షలు, మంచి గెలుపు!" అన్నాడు. "సమావేశం కూడా బాగా జరిగింది. అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. వచ్చే సీజను నుంచి మన క్లబ్బు పేరు దెమిరోవా స్పోర్. రంగులు నారింజ, నలుపు. అక్కడ పెద్ద స్టేడియం ఉంది, కుర్రాళ్లకి భవిష్యత్తు ఉంటుంది."

బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి అలాగే ఉండిపోయాను. ఊరికి ఊరే ఊళ్లో లేనప్పుడు, ఇన్నేళ్ల క్లబ్బును చేతులెత్తి పట్టుకుపోయారు! కనీసం తలుపైనా పగలగొట్టలేదు. మేమే తెరిచిపెట్టి వెళ్లాం.

"ఎవర్రా అందరూ?" అని ముందుగా అరిచింది డ్రైవర్ నుస్రెత్. "అందరూ ఇక్కడ బస్సులో ఉన్నారు కదరా దొంగ నాయాలా!"

నేనన్న మాటలు ఇక్కడ రాయను. పోలీసులు రాకపోతే ఆ నిచ్చెన ఎవరి వీపున విరిగేదో చెప్పలేను. తర్వాత కోర్టుకు వెళ్లాం. అంతా పద్ధతి ప్రకారమే ఉందన్నారు. తలుపుకు కాగితం అంటించారు కదా, చదువుకోవాల్సింది మీరే కదా అన్నారు.

అవ్వ మాత్రం ఆ సాయంత్రం చెంబు పట్టుకుని గోడ మీది మేకుల చిల్లులనే చూస్తూ నిలబడింది.

"బస్సులు తిరిగొచ్చాయి కదరా రుస్తుం" అంది. "నేను బస్సులకే పోశాను. ఈ క్లబ్బు వెనక నుంచి పోతదని నాకేం తెలుసు?"

జూలైలో కుర్రాళ్లను తీసుకుపోయే రోజు వచ్చింది. వాళ్ల ఒప్పందాలు క్లబ్బువి, క్లబ్బు ఇప్పుడు జావిత్‌ది. వెళ్లకపోతే ఎక్కడా ఆడనివ్వరు. అదే బస్సు, పక్కన నారింజ రంగు చారలు వేశారు. ఊరంతా వీధిలో నిలబడింది. కిటికీ పక్కన ఓర్చున్ తల ఎత్తకుండా కూర్చున్నాడు. ఆ వారమంతా వాడు అవ్వను "వెళ్లనా, వద్దా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ "ఆడేవాడు ఆడాలి" అంది, అంతే.

నుస్రెత్ ఇంజను స్టార్ట్ చేశాడు, అద్దంలోకి చూశాడు, మళ్లీ ఆపేశాడు. అవ్వ ఇంకా రాలేదు.

"కదులవయ్యా!" అన్నాడు జావిత్.

"నీళ్లు పడలేదు సార్."

అప్పుడొచ్చింది మెలాహత్ అవ్వ. రాగి చెంబు అంచు దాకా నిండి ఉంది. వీధి రెండుగా చీలి దారిచ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "అవ్వా, వీడి బండికి పోస్తావా? వీడికా?" అన్నాను. నా వైపు చూడనైనా లేదు.

బస్సు వెనక్కి వెళ్లకుండా నేరుగా జావిత్ ముందు నిలబడింది.

"నాయనా, ఈ జట్టు తిరిగొస్తదా?"

జావిత్ చుట్టూ చూశాడు. వీధంతా ఆ నోటి వంకే చూస్తోంది. "అవ్వా, కుర్రాళ్లు సెలవులకి వస్తారుగా..."

"కుర్రాళ్ల సంగతి అడగలేదు. జట్టు తిరిగొస్తదా?"

మాటకారి జావిత్ తల దించుకుని "రాదు" అన్నాడు.

అవ్వ తల ఊపింది. బస్సు పక్కకు వెళ్లి చెంబులో వేళ్లు ముంచింది. ఓర్చున్ కిటికీలోంచి వంగితే వాడి నుదుటి మీద తడి అద్దింది. మిగతా కుర్రాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు తలలు బయటపెట్టారు. అందరికీ అద్దింది. కొందరు ఏడ్చేశారు.

"పిల్లలకి ఇది చాలు, క్షేమంగా ఉంటారు" అంది. "బండికి పొయ్యను. తిరిగొచ్చేవాళ్ల కోసం పోసే నీళ్లు ఇవి."

అని వెనుదిరిగింది.

నిండు చెంబుతో వెనుదిరిగింది! ఆ మనిషి ఆ చెంబును నిండుగా ఇంటికి మోసుకెళ్లడం మా ఊళ్లో ఎవరూ, ఎన్నడూ చూడలేదు. లారీ పడిన నాటి నుంచి ఒక్క ప్రయాణం వదలని మనిషి, సొంత మనవడు కూర్చున్న బస్సు వెనక చుక్క కూడా పొయ్యలేదు. నా పక్కనున్న ఆడవాళ్లు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. నడిచి వెళుతున్న ఆవిడ వీపును చూస్తుంటే భయమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నుస్రెత్ తాళంచెవులు తీసి జావిత్ చేతిలో పెట్టి దిగిపోయాడు. దెమిరోవా నుంచి ఇంకో డ్రైవర్ వచ్చేదాకా బస్సు ఎండలో అలాగే ఉంది. ఆ తర్వాత వెళ్లిపోయింది. వీధి ఖాళీ అయింది. మాకిక క్లబ్బు లేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి టీ నీళ్లు కాచే సమోవార్ వెలిగిస్తుంటే అవ్వ వచ్చి కూర్చుంది. ఓర్చున్ క్షేమంగా చేరానని ఫోన్ చేశాడట. టీ గ్లాసు ముందు పెట్టాను. అది అందుకోవడానికి చేతులు చాపింది.

మణికట్ల దాకా గోధుమ రంగు. గోళ్ల సందుల్లో నల్లగా ఉంది.

"నిన్నటి నీళ్లు పారబొయ్యడానికి మనసొప్పలేదు" అంది అవ్వ. "అక్రోటు తొక్కలు నానబెట్టాను. మా అత్త నేర్పింది, మర్చిపోలేదు. కొత్త జట్టు కట్టి అట్టడుగు అమెచ్యూర్ లీగుకి పేరు ఇవ్వాలంటే పదకొండు చొక్కాలు చాలా, ఎక్కువ కావాలా?"

"ఎక్కువ కావాలవ్వా" అన్నాను. "సబ్‌స్టిట్యూట్లు ఉంటారు కదా."

"అయితే లే. మీ దుకాణంలో రొట్టెల పిండి సంచులు ఉంటాయి కదా?"

ఉన్నాయి. దులపడానికి లోపలి గదిలోకి వెళ్లాను. కళ్లలో పిండి పడిందని ఆవిడకు చెప్పాను గానీ, నమ్మినట్టు లేదు.